అప్‌డేట్: సాక్షిగా వెళ్లిన రోజుల బత్తా అడిగాను

పోయిన నెల ఇక్కడ మిమ్మల్ని అడిగింది నేనే: రోడ్డు ప్రమాదం కేసులో సాక్షిగా సమన్లు వచ్చాయి, పక్క జిల్లా కోర్టుకు పోతే ఆ రోజు నా ఆటో ఆగిపోతుంది, ఆ పైసలు ఎవరిస్తారని. మొదటిసారి హన్మకొండలో పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, సాయంత్రం దాకా కూర్చున్నాక వాయిదా వేశారు. బత్తా ఊసే ఎవరూ ఎత్తలేదు. చాలా బాధేసింది.

రెండోసారి సాక్ష్యం చెప్పగానే, మీరన్నట్టే పీపీ (ప్రభుత్వ వకీలు) గారిని అడిగాను. బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం) సెక్షన్ 350 ప్రకారం క్రిమినల్ కేసుల్లో సాక్షికి సహేతుకమైన ఖర్చులు ప్రభుత్వం ఇచ్చేలా కోర్టు ఆదేశించవచ్చట, పాత సీఆర్‌పీసీలో ఇదే 312. తెల్లకాగితం మీద అర్జీ రాసి, సమన్ల కాపీ, రెండుసార్ల బస్సు టికెట్లు పిన్ చేశాను. మొదటి టికెట్ చొక్కా జేబులో చెమటకు తడిసి అక్షరాలు సగం చెరిగిపోయాయి, అయినా పెట్టాను. జడ్జి గారు రెండు రోజులకూ బత్తా ఇవ్వమని ఆర్డర్ వేశారు. రూల్స్‌లో ఉన్న రేటే ఇస్తారు, నా రోజు సంపాదన మొత్తం రాదు.

సివిల్ కేసైతే వేరు. సాక్షిని పిలిపించే పార్టీయే దారిఖర్చులు, ఒక రోజు హాజరు ఖర్చు ముందే కోర్టులో కట్టాలి.

డబ్బు ఇంకా చేతికి రాలేదు, రాగానే రాస్తాను. టికెట్లు పారేయొద్దని చెప్పిన అక్కకు దండాలు.