టెక్సస్‌లో కౌంటీలకు హోమ్ రూల్ ఇవ్వాలా? ఓటర్లకు వదిలేస్తే ఏమవుతుంది?

ఎకరం_స్థలం:
మాది డల్లాస్‌కి ఉత్తరాన, సిటీ లిమిట్స్ బయట. సిటీ ట్యాక్స్ ఉండదు కదా అని సంబరపడి కొన్నాం. ఇప్పుడు వెనక ఖాళీ స్థలంలో కాంక్రీట్ ప్లాంట్ వస్తోందట. కౌంటీ ఆఫీసుకి వెళ్తే "మాకు జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో నిర్ణయించే) అధికారం లేదు, మేమేం చేయలేం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 5,000 జనాభా దాటిన ఊరు ఓటేసుకుని సొంత చార్టర్, అంటే తన పాలన ఎలా ఉండాలో చెప్పే మూల పత్రం, రాసుకోవచ్చు (దీన్నే హోమ్ రూల్ అంటారు), పది లక్షల మంది ఉన్న కౌంటీకి మాత్రం ఆ వీలు లేదు, ఇదెక్కడి లెక్కో! మా వీధిలో ఒకాయన, కౌంటీకి హోమ్ రూల్ కావాలో వద్దో ఓటర్లే తేల్చుకునేలా రాజ్యాంగం మార్చాలని సంతకాలు సేకరిస్తున్నారు. పెట్టమంటారా? పన్నులు పెరుగుతాయా?

ఆస్టిన్_పాతకాపు:
పెట్టండి, నష్టం లేదు, కానీ ఆశ పెట్టుకోకండి. టెక్సస్‌లో సంతకాలతో రాజ్యాంగ సవరణ బ్యాలెట్ మీదికి రాదు, రెండు సభల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. పైగా ఇది ఒకసారి తెచ్చి తీసేసిన వ్యవహారమే. 1933లో కౌంటీ హోమ్ రూల్ సవరణ తెచ్చారు, షరతులు ఎంత చిక్కుగా ఉన్నాయంటే ఒక్క కౌంటీ కూడా వాడుకోలేకపోయింది, 1969లో తీసిపారేశారు. అందుకే 254 కౌంటీల్లోనూ అదే మూస, ఒక కౌంటీ జడ్జి (పేరు జడ్జి అయినా కౌంటీ పాలనకు పెద్ద), నలుగురు కమిషనర్లు. 2020 జనగణనలో 64 మంది ఉన్న లవింగ్ కౌంటీకీ అదే, 47 లక్షలు దాటిన హారిస్ కౌంటీకీ అదే. చట్టసభ రాసిచ్చినంతే అధికారం: లేఅవుట్లు, సెప్టిక్ ట్యాంకులు, వరద ముంపు, ఇలాంటివి. మన పంచాయతీలకు 11వ షెడ్యూల్‌లో 29 అంశాలు రాసి, ఎన్ని ఇవ్వాలన్నది రాష్ట్రం ఇష్టానికి వదిలేశారు చూడండి, ఇక్కడ ఆ రాత కూడా లేదు.

సియాటిల్_పద్మ:
మా కింగ్ కౌంటీలో 1968లో ఓటర్లు చార్టర్ ఒప్పుకున్నారు. అంతకుముందు ముగ్గురు కమిషనర్లు ఉండేవాళ్ళు, ఇప్పుడు ఎన్నికైన ఎగ్జిక్యూటివ్ (కౌంటీ పాలనకు పెద్ద), తొమ్మిది మంది కౌన్సిల్. నాకు నచ్చేది ఏంటంటే, పద్ధతి బాలేదనిపిస్తే జనమే మార్చుకోవచ్చు. కౌన్సిల్ 13 మంది ఎందుకని 2004లో తొమ్మిదికి తగ్గించారు, షెరీఫ్‌ని (కౌంటీ పోలీసు పెద్దని) ఎన్నుకోవడం మానేసి నియమించాలని 2020లో ఓటేశారు. (షెరీఫ్ విషయంలో నాకు ఇప్పటికీ అనుమానమే, అది వేరే గొడవ.) కానీ రాష్ట్ర చట్టం ఎప్పుడూ పైనే ఉంటుంది, చార్టర్ ఉంది కదా అని ఏది పడితే అది చేయలేరు.

నేపర్‌విల్_రావు:
పన్నుల సంగతి ఇల్లినాయి నుంచి నేను చెప్తా. 1970 రాజ్యాంగం ప్రకారం ఎన్నికైన చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఉంటే కౌంటీకి హోమ్ రూల్ వస్తుంది, అయినా ఇన్నేళ్ళలో ఉన్నది కుక్ కౌంటీ ఒక్కటే. ఎందుకంటే జనానికి పన్నుల భయం, అది ఉత్త భయం కూడా కాదు. ఇంటి పన్ను పెంపు మీద ఇక్కడున్న సీలింగ్ చట్టం హోమ్ రూల్ యూనిట్లకు వర్తించదు. 2017 ఆగస్టులో కుక్ వాళ్ళు కూల్‌డ్రింకుల మీద ఔన్సుకు ఒక సెంటు పన్ను వేశారు, జనం గోల గోల చేస్తే డిసెంబర్ 1 నుంచి ఎత్తేశారు. సిటీల్లో అయితే రాక్‌ఫర్డ్ వాళ్ళు 1983లో ఓటేసి హోమ్ రూల్ వదిలేసుకున్నారు, 2018లో మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దన్నారు. కాబట్టి "అధికారం ఇద్దామా" అని కాదు, "ఏ పన్ను మా ఓటు లేకుండా వేయకూడదు" అన్నది ముందే రాయించుకోండి.

ఎకరం_స్థలం:
రావు గారూ, నాకు అసలు ఓటే లేదండీ, గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నా. ఏటా ప్రాపర్టీ ట్యాక్స్ మాత్రం కడుతున్నా. హోమ్ రూల్ వచ్చేలోపు ప్లాంట్ వచ్చేస్తుంది, ఈ టెన్షన్ ఎవరితో చెప్పుకోను?

ఆస్టిన్_పాతకాపు:
ఓటు అక్కర్లేని దారి ఒకటి ఉంది. ప్లాంట్ పర్మిట్ ఇచ్చేది రాష్ట్రం, కౌంటీ కాదు. ప్లాంట్ పెట్టబోయే చోటికి 440 గజాల (సుమారు 400 మీటర్ల) దూరం లోపు శాశ్వతంగా కాపురం ఉండేవాళ్ళు హియరింగ్ (పర్మిట్ మీద విచారణ) అడగొచ్చని చట్టంలోనే ఉంది, పౌరసత్వం ఎవరూ అడగరు. ఖాళీ ప్లాట్ ఉంటే సరిపోదు, ఇల్లు ఉండి అందులో మీరు ఉండాలి. ముందు దూరం కొలిపించండి, నోటీసులో గడువు ఎప్పటివరకో చూడండి, సంతకాల సంగతి తర్వాత.