ట్రైలర్‌కి విజువల్ ప్లాన్ అంటే ఏం రాయాలి? అర్జెంట్

డెడ్‌లైన్ బాధితుడు:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి కూర్చున్నా, ఒక్క పేజీ తేలలేదు. సోమవారం లోపు కాలేజీలో మా స్టూడెంట్ సినిమా ట్రైలర్‌కి 'విజువల్ ఎలిమెంట్స్' ప్లాన్ ఇవ్వాలి. షాట్లు, లైటింగ్, కలర్, టైటిల్స్, ప్రాపర్టీస్ (షాట్‌లో కనిపించే వస్తువులు) అని గడులు గీసిచ్చారు, వాటిలో ఏం నింపాలో చెప్పలేదు. వీడియోలు చూస్తే ఒకడు మూడ్ బోర్డు (రంగులు, వాతావరణం చూపించే ఫొటోల కూర్పు) అంటాడు, ఇంకొకడు స్టోరీబోర్డు (షాట్ల వరుస బొమ్మలు) అంటాడు. నేను గీసిన బొమ్మల్లో మనిషేదో తలుపేదో నాకే తెలియట్లేదు. దానికి తోడు టెస్ట్ షూట్ వీడియోలో చారలొచ్చాయి. ఎవరి దగ్గరైనా ఫార్మాట్ ఉంటే పెట్టండి ప్లీజ్. తల పగిలిపోతోంది.

కట్ టు కట్:
కథేంటి? దేంతో తీస్తున్నారు? ఎక్కడ చూపిస్తారు? ఇవేవీ లేకుండా ఫార్మాట్ ఏం పెడతాం.

మాదాపూర్ మాస్:
హైదరాబాద్ అని తెలియాలి బ్రో. ఓపెనింగ్‌లో చార్మినార్ మీద డ్రోన్ షాట్, కట్ చేస్తే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి నైట్ షాట్. ఆడియన్స్ ఫ్లాట్.

కృష్ణానగర్ పాతకాపు:
డ్రోన్ అద్దెకు దొరికితే ఎగరేసేయడమేనా? చార్మినార్ పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. కింద నిలబడి షూటింగ్ చేయాలన్నా పర్మిషన్ అడుగుతారు. ఇటు బేగంపేట ఉంది, అటు హకీంపేట ఉంది. ముందు డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఏ జోనో చూసుకోవాలి. 2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాముల లోపు వాటికి కొన్ని మినహాయింపులిచ్చిన మాట నిజమే, అలాగని పర్మిషన్ లేకుండా ఎగరేయకూడని రెడ్ జోన్ గ్రీన్ అయిపోదు. కాలేజీ ఐడీ కార్డు చూపిస్తే వదిలేస్తారనుకునే పిల్లల్ని చాలామందిని చూశాను. ఇంకో మాట. ఈ ఊళ్లో ప్రతి స్టూడెంట్ ట్రైలరూ చార్మినార్‌తోనే మొదలవుతుంది. కథ మియాపూర్‌లో జరిగినా సరే, చార్మినారే.

కట్ టు కట్:
అతను డ్రోన్ అడగలేదు.

కృష్ణానగర్ పాతకాపు:
అడగకముందే చెప్పడం పెద్దల పని.

డెడ్‌లైన్ బాధితుడు:
కథ ఇదీ. థ్రిల్లర్. పేరు 'ఆరో అంతస్తు'. ఆబిడ్స్‌లో ఓ పాత కాంప్లెక్సు, అందులో నైట్ డ్యూటీ చేసే లిఫ్ట్ ఆపరేటర్. బిల్డింగ్‌కి ఐదంతస్తులే. ఒక రాత్రి లిఫ్ట్ ఆరో అంతస్తులో ఆగుతుంది. ట్రైలర్ నిమిషం దాటకూడదన్నారు. ఫోన్‌తోనే తీస్తాం. చారలు ట్యూబ్‌లైట్ కింద వస్తున్నాయి. లిఫ్ట్‌లో అంతస్తు నంబర్ చూపించే డిస్‌ప్లే ఉంటుంది కదా, అది కూడా ఫోన్‌లో సగం సగమే పడుతోంది. కంటికి చక్కగా 3 కనిపిస్తుంది, వీడియోలో రెండు గీతలే ఉంటాయి.

రెండో రీలు:
నిమిషమే అయితే అది టీజర్. ట్రైలర్ అంటే కథ ఎటు వెళ్తుందో కొంచెమైనా తెలియాలి.

మాదాపూర్ మాస్:
ఇప్పుడు టీజర్ కూడా పాతబడింది. గ్లింప్స్ అంటున్నారు.

రెండో రీలు:
గ్లింప్స్ అంటే హీరో వెనక్కి తిరిగే ఒక్క షాట్. దానికీ దీనికీ పోలికేంటి?

కట్ టు కట్:
కాలేజీ వాళ్లు కాగితం మీద ట్రైలర్ అని రాశారు. కాబట్టి ట్రైలరే. తర్వాత.

లైట్‌బాయ్ 50:
చారల సంగతి నేను చెప్తా తమ్ముడూ. మన కరెంటు 50 హెర్ట్జ్. మామూలు చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. నీ ఫోన్ ఆటోలో ఉండి షట్టర్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు తీసుకునే టైమ్) సెకనులో 1/60కి పోతే ఆ లెక్క కుదరదు, చారలు పడతాయి. ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టి లాక్ చెయ్. సెకనుకు 25 ఫ్రేమ్స్ ఆప్షన్ ఉంటే అది తీసుకో, లేకపోతే 24 అయినా ఫర్వాలేదు. ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) కూడా లాక్ చేసుకో. లేదంటే లిఫ్ట్ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మొహం రంగు మారుతుంది.

నంబర్ డిస్‌ప్లే గొడవ వేరు. అలాంటి చాలా డిస్‌ప్లేల్లో గీతలన్నీ ఒకేసారి వెలగవు. ఒకదాని తర్వాత ఒకటి గబగబా వెలుగుతుంటాయి. కన్ను కలిపేసుకుంటుంది, ఫోన్ కలుపుకోదు. షట్టర్ 1/50కి, అప్పటికీ రాకపోతే 1/25కి దించి చూడు. అదీ కుదరకపోతే నల్ల అట్టలో అంకె ఆకారం కోసి, వెనక బటర్ పేపర్ అంటించి, ఎర్ర లైటు పెట్టు. దగ్గర్నుంచి తీస్తే ఎవడూ కనిపెట్టలేడు. ఎలాగూ ఆ లిఫ్ట్‌లో నిజంగా 6 పడదు కదా, ఏదో ఒకటి తయారు చేసుకోవాల్సిందే.

ఫాంట్ పిచ్చోడు:
ఎవరూ టైటిల్ గురించి మాట్లాడరేంటండీ? 'అంతస్తు'లో ఒత్తు ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో నేరుగా టైప్ చేస్తే ఆ ఒత్తు విడిపోయి 'అంతస్‌తు' అని పడే ప్రమాదం ఉంది. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌కి వెళ్లి, టెక్స్ట్ ఇంజిన్ దగ్గర 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్' పెట్టి, కొత్త టెక్స్ట్ లేయర్ తీసి మళ్లీ టైప్ చేయండి. ఫ్లెక్సీల షాపులో అను ఫాంట్‌లో కొట్టించి తెచ్చుకోవద్దు. అది యూనికోడ్ కాదు, ఇక్కడ అతికిస్తే ఏవో పిచ్చి గుర్తులొస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, సురవరం, తిమ్మన, మండలి ఉచితంగా ఉన్నాయి. థ్రిల్లర్ అనగానే అక్షరాల నుంచి రక్తం కార్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాదాపూర్ మాస్:
ఇంగ్లిష్‌లో వేసేస్తే గొడవే లేదుగా.

ఫాంట్ పిచ్చోడు:
తెలుగు సినిమాకి తెలుగు టైటిల్ వేయడం గొడవా? ఈ మాట ఇంకో గ్రూపులో అనండి.

ఎడిట్ టేబుల్ అక్క:
బాబూ, బొమ్మలు రాకపోతే గీయకు. ఫోన్ పట్టుకుని అదే లిఫ్ట్‌లోకి వెళ్లి, ఫ్రెండ్‌ని నిలబెట్టి ఫొటోలు తీసుకో. అవే నీ స్టోరీబోర్డు. నిమిషానికి పదిహేను, ఇరవై షాట్లు చాలు. ఇలాంటి కథకి హడావుడి కట్స్ పనికిరావు.

ప్లాన్ చివరి నుంచి రాయి. నీ చివరి షాట్ 6 అనే అంకె, ఆ తర్వాత తలుపు తెరుచుకోవడం మొదలవగానే నలుపు, టైటిల్. తలుపు అవతల ఏముందో ట్రైలర్‌లో చూపించకు. ఇప్పుడు వెనక్కి రా. ఆ 6 చూసి జనం ఉలిక్కిపడాలంటే 1, 2, 3, 4, 5 ఒకే సైజులో, ఒకే చోట ముందే చూసి ఉండాలి. 5 దాకా ఎన్నిసార్లు వెళ్లినా 6 ఉండదని వాళ్ల బుర్రకి ఎక్కాలి. లిఫ్ట్ బయట బోర్డు మీద షాపుల పేర్లు ఐదంతస్తుల వరకే ఉన్న షాట్ ఒకటి వేసుకో, డైలాగ్ ఖర్చు తప్పుతుంది.

కలర్ గడిలో ఇదే రాయి. ట్యూబ్‌లైట్ ఆకుపచ్చ ఛాయ ట్రైలర్ అంతా ఉంటుంది, ఎరుపు మాత్రం నంబర్‌లోనే ఉంటుంది. ఆపరేటర్‌కి ఎర్ర చొక్కా వేయొద్దు, వెనకాల ఎర్ర బకెట్ కూడా కనపడొద్దు. లిఫ్ట్ గోడలు స్టీలువైతే ఫోన్, నువ్వు, లైటు అన్నీ అందులో కనిపిస్తాయి. కొంచెం పక్కకి జరిగి, నల్ల గుడ్డ కట్టుకుని తీయండి.

ఎవరూ అడగనిది ఒకటుంది. దీన్ని కాలేజీ సెమినార్ హాల్లోనే వేస్తారా? పాత ప్రొజెక్టర్లు చాలావరకు 4:3వి, అంటే వెడల్పు 4 అయితే ఎత్తు 3. నువ్వు స్టైల్‌కి పైనా కిందా నల్లపట్టీలు పెట్టి సినిమాస్కోప్‌లా 2.39:1 చేస్తే, తెర ఎత్తులో సగానికి కాస్త ఎక్కువే బొమ్మ మిగులుతుంది. 16:9లో ఉంచు. కిటికీలున్న హాల్లో చీకటి షాట్లు అసలు కనపడవు. ఒక్క షాట్ తీయగానే పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి అక్కడే పగలు వేసి చూడు. తర్వాతే ఎంత చీకటి కావాలో ప్లాన్‌లో రాయి.

కృష్ణానగర్ పాతకాపు:
అమ్మాయి బాగా చెప్పింది. కానీ లిఫ్ట్‌కి పర్మిషన్ ఉందా? షూటింగ్ అని గంటలకొద్దీ ఆపితే బిల్డింగ్ సొసైటీ వాళ్లు ఊరుకోరు. మెయింటెనెన్స్ మనిషి పక్కన లేకుండా తలుపులతో ఆటలొద్దు.

రెండో రీలు:
ఫుటేజ్‌లో ఆపరేటర్ మొహం క్లోజప్ ఉందా? ఉంటే ఫస్ట్ షాట్ అదే.

డెడ్‌లైన్ బాధితుడు:
ఫుటేజ్ ఏంటన్నా, సినిమా ఇంకా మొదలే పెట్టలేదు. తీసింది టెస్ట్ షూట్ ఒక్కటే. ముందు ట్రైలర్ తీసి చూపిస్తేనే సినిమాకి ఓకే చెప్తారు.

కట్ టు కట్:
ఇది మొదటి మెసేజ్‌లో ఉండాల్సిన ముక్క.

ఎడిట్ టేబుల్ అక్క:
అయితే ఇంకా సుఖం. ఉన్నదాంట్లో ఏరుకునే పని లేదు, కావాల్సిందే తీసుకో.

రెండో రీలు:
అప్పుడది ట్రైలరూ కాదు, టీజరూ కాదు. కాన్సెప్ట్ వీడియో.

మాదాపూర్ మాస్:
అన్నా వదిలెయ్ 😂

డెడ్‌లైన్ బాధితుడు:
థాంక్స్ అందరికీ. 1/50 పెడితే చారలు పోయాయి. గడులు నింపుతున్నా. అక్కా, ఆ షాపుల బోర్డు మీద నిజం పేర్లు ఉంటే బ్లర్ చేయాలా?

ఫాంట్ పిచ్చోడు:
బోర్డు మీద పేర్లు ఏ ఫాంట్‌లో ఉన్నాయి? ఫొటో పెట్టండి.