కజీమ్యెష్: చివర ఉన్నది ‘మిర్’ కాదా?

కొండమల్లి: పోలండు రాజు మూడవ కజీమ్యెష్ గురించి ఒక నానుడి ఉంది కదా, ‘చెక్క పోలండును అందుకుని కట్టుబడి పోలండును విడిచి వెళ్లాడు’ అని. మాటలు కొంచెం అటూ ఇటూ అయి ఉండవచ్చు. నన్ను వేధిస్తున్నది మాత్రం ఆయన పేరు. ‘శాంతిని చెడగొట్టేవాడు’ అని అర్థమట! కోటలు కట్టించి, 1364లో క్రాకోలో విశ్వవిద్యాలయం పెట్టిన మనిషికి ఇదేమి పేరు?

పాతపుటలు: నానుడి సరిగానే గుర్తుంది. ‘రాతి పోలండు’ అనకుండా ‘కట్టుబడి’ అన్నందుకు అభినందనలు. మూలంలోని ‘మురోవానా’ గోడ కట్టినదని మాత్రమే చెబుతుంది, ఇటుకా రాయా అన్నది చెప్పదు. పేరులో మొదటి ముక్క ‘కజిచ్’, అంటే చెడగొట్టడం. మచ్చ అనే అర్థంలో నేటికీ వాడే ‘స్కాజా’ దాని కుదురులోదే.

అరసున్న: మొదటి ముక్క సరే, తగవంతా చివరి ముక్కలోనే ఉంది. అది శాంతి అనే ‘మిర్’ అయితే ఇకారం ఇకారంగానే నిలవాలి. మిరొస్వాఫ్ అనే పోలిష్ పేరులో నిలిచింది కదా! ఇక్కడున్నది ‘మ్యె’. అంటే పాత స్లావులో ‘యాత్’ అనే వేరే అచ్చు ఉండేదన్నమాట. వ్లదీమిర్ పేరును కూడా పాత రాతల్లో ఆ అక్షరంతోనే రాశారు. ఆ ‘మేర్’ పాత జర్మానిక్ భాష గోథిక్‌లో ‘ప్రసిద్ధుడు’ అనే మాటకు చుట్టం. కాబట్టి ఈయన చెరిపేది కీర్తిని. ఎవరి కీర్తి అంటారా? శత్రువులదే!

త్రిలింగి: ఆజ్ఞాపించడం అనే అర్థంలో ‘కజాచ్’ కూడా ఉంది కదండీ. ‘శాంతిని శాసించేవాడు’ అంటే రాజుకు ఎంత అందంగా ఉంటుంది!

అరసున్న: అందంగానే ఉంటుంది, వ్యాకరణమే ఒప్పుకోదు. కజాచ్ నుంచి ‘కజి’ ఎలా వస్తుంది? పిల్లల పేర్ల పుస్తకాల వ్యుత్పత్తి ఇది.

వేపచెట్టు: క్రియ ముందు, కర్మ వెనుక. ఈ పోకడ మనకు కొత్తదా? భరద్వాజుడు, జమదగ్ని, అన్నిటికన్నా ఋగ్వేదంలోని త్రసదస్యువు. దస్యులను వణికించేవాడు. కజీమ్యెష్ ఆయనకు సాక్షాత్తు పినతండ్రి కొడుకు. శాంతా కీర్తా అన్నది ఎలా తేలినా పోయేది ఎదుటివాడిదే.

పాతపుటలు: సమాసాల పోలిక బాగుంది కానీ, మీరు చెప్పిన మూడింటిలోనూ పూర్వపదం శత్రంతం, అంటే ‘వణికిస్తూ’ లాంటి రూపం. ‘కజి’ అలాంటిది కాదు, ‘చెడగొట్టు’ అని ఆజ్ఞాపించే విధ్యర్థకంలా కనిపిస్తుంది. చుట్టరికమే కావాలంటే స్తనీస్వాఫ్ అనే పోలిష్ పేరులోని ‘స్వాఫ్’ను పట్టుకోండి. అది కీర్తి అనే అర్థమున్న మన ‘శ్రవస్సు’కు తోబుట్టువు. ఉచ్చైశ్శ్రవాన్ని తలచుకోండి.

కొండమల్లి: ఇంకో చిత్రం. మొదటి కజీమ్యెష్ (1016–1058) బిరుదు ‘పునరుద్ధారకుడు’! తిరుగుబాట్లతో, చెక్ దండయాత్రతో కూలిన రాజ్యాన్ని నిలబెట్టాడు. పేరు చెడగొడుతుంది, బిరుదు బాగుచేస్తుంది.

త్రిలింగి: పిల్లవాడిని కజిక్ అని ముద్దుగా పిలుచుకునే తల్లికి ఈ ధాతువులతో ఏమి పని? ఆమెకు తెలిసినది పునీత కజీమ్యెష్ (1458–1484). మార్చి 4 ఆయన పండుగ, ఆ పేరున్న వాళ్లందరికీ నామదినం. లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ఆ రోజుల్లోనే పెద్ద సంత.

అరసున్న: అన్నట్టు, చివర అందరూ ‘ష్’ రాస్తున్నారు. ప్రథమలో సరే, షష్ఠిలో ‘కజీమ్యెఝా’ అవుతుంది. మూలాక్షరం ఒకటే, పదాంతంలో నాదం పోయి ‘ష్’గా వినిపిస్తుంది. తెలుగులో ‘కజీమ్యెఝ్’ అని రాయడమే న్యాయం.

వేపచెట్టు: పలకలేని న్యాయం! సరే, ఆ ఝకారం నడుమనున్న కవి కజీమ్యెష్ వ్యెఝీన్‌స్కి సంగతి ఎవరూ ఎత్తరేమి? 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో కవిత్వానికి స్వర్ణ పతకం తెచ్చుకున్నాడు. అప్పట్లో సాహిత్యానికీ పతకాలుండేవి. పోల్‌వాల్ట్ మీద రాశాడు చూడండి, మనిషి కర్ర వదిలేసి గాలిలోకి లేచే ఆ క్షణం కోసమే ఆ పద్యం చదవాలి.

పాతపుటలు: ఆయన పుట్టింది ద్రొహొబిచ్‌లో, పోయింది లండన్‌లో. తూవిమ్, స్వొనిమ్‌స్కిలతో కలిసి స్కమాందర్ అనే పోలిష్ కవుల బృందంలో ఉన్నవాడు. నన్నడిగితే తూవిమే గొప్ప.

వేపచెట్టు: ఆ పోటీ వేరే చర్చలో పెట్టుకుందాం రండి.

కొండమల్లి: ఇంతకీ శాంతా, కీర్తా?

అరసున్న: కీర్తి.

త్రిలింగి: శాంతి.