స్నేహితుల కోసమే ఒక అభిరుచిని చేపట్టవచ్చా?

పాతవంతెన:
నలభై దాటిన తరువాత, కొత్త స్నేహితులు దొరుకుతారన్న ఆశతోనే ఒక అభిరుచిని చేపట్టడం తెలివైన పనా, లేక మొదటి నుంచీ తప్పుదారేనా అన్నది నేను చర్చకు పెడుతున్న ప్రశ్న. నా వయసు 47. ఉద్యోగం, పిల్లల చదువులు, రెండుసార్లు ఇల్లు మారడం, వీటన్నిటి మధ్య పాత స్నేహాలు పుట్టినరోజు శుభాకాంక్షల వరకే మిగిలాయి. అందుకే గత సంవత్సరం ఫొటోగ్రఫీ తరగతిలో చేరాను. పన్నెండు వారాలు, వారానికి గంటన్నర. కెమెరా పట్టడం వచ్చింది, వెలుగు ఎటునుంచి పడుతోందో గమనించడం అలవాటైంది. చివరి రోజున అందరం కలిసి ఫొటో దిగి, వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టుకున్నాం. ఆ గ్రూపులో చివరి సందేశం వచ్చి నాలుగు నెలలైంది. అది కూడా ఎవరో పొరపాటున పంపి తొలగించినది. స్నేహాన్ని వెతుక్కుంటూ వెళ్లినవారికి అభిరుచి దక్కుతుందేమో గాని స్నేహం దక్కదని నా అభిప్రాయం.

మట్టిచేతులు:
పాతవంతెన గారి అనుభవాన్ని కాదనను గాని, దాని నుంచి వారు తేల్చిన దానితో ఏకీభవించలేను. కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన పరిశోధన ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడని నమ్మకంగా చెప్పుకోగల దశకు సుమారు 90 గంటలు, ఆప్తమిత్రులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి ఉంటుంది. పన్నెండు వారాలు గంటన్నర చొప్పున లెక్కిస్తే వచ్చేది 18 గంటలు. మూడోవంతు దారిలో బండి దిగిపోయి ఊరు రాలేదంటే ఎలా?

నేను 44వ ఏట కుండలు చేయడం నేర్చుకోవడానికి వెళ్లింది మట్టి మీద ప్రేమతో కాదు, సాయంత్రాలు గడవక. మొదటి రెండు నెలలూ మట్టిముద్దను కుమ్మరి సారె నడుమకు తేవడమే చేతకాలేదు. ముద్ద కాస్త పక్కకు ఉన్నా గోడ ఒకవైపు పలచబడి, లేచినంతసేపు పట్టకుండానే కూలబడుతుంది. నాది అలా కూలినప్పుడు పక్క సారె మీద ఉన్నావిడ నవ్వు ఆపుకోలేకపోయారు. మరు నిమిషంలో ఆవిడదీ కూలింది. రెండు చేతులూ మట్టిలో ఉన్నప్పుడు ఫోను తీయడానికి వీలుండదు కనుక మాట్లాడుకోవడం తప్ప గత్యంతరం లేదు. మూడేళ్ల తరువాత నాకు శస్త్రచికిత్స జరిగినప్పుడు ఆసుపత్రిలో రాత్రి తోడున్నది ఆవిడే.

మూడోగడి:
గంటల లెక్క బాగానే ఉంది గాని, అదే పరిశోధనలోని రెండో మాటను మట్టిచేతులు గారు వదిలేశారు. ఒకేచోట పనిచేస్తూ గడిపిన గంటలు సాన్నిహిత్యానికి అంతగా తోడ్పడలేదనీ, సరదాగా కలిసి గడిపిన తీరిక గంటలే తోడ్పడ్డాయనీ అందులోనే ఉంది. అటువంటప్పుడు తరగతిలో కూర్చున్న గంటను ఏ ఖాతాలో వేయాలి?

నేను ఇరవై ఏళ్లుగా చదరంగం ఆడుతున్నాను. మనుషుల కోసం వచ్చేవారిని మొదటి సాయంత్రమే గుర్తుపడతాం. ఎదుటివారు ఎత్తు ఆలోచిస్తుండగా వీరు ఉద్యోగం సంగతులు అడుగుతారు, ఓడిపోయిన ఆటను తిరిగి వేసి చూద్దామంటే విసుగుపడతారు. వారు చెడ్డవారని అనను. అయితే మాకు ప్రాణమైనది వారికి సాకు మాత్రమేనని తెలిసినప్పుడు మనసు కొంచెం ముడుచుకుంటుంది. ఆటను ప్రేమించి వచ్చినవారికి స్నేహం అడగకుండానే అంటుకుంటుంది.

రెండోగొంతు:
అన్ని అభిరుచులనూ ఒకే గాటన కట్టకూడదు. 2015లో వెలువడిన ఒక పరిశోధన కోసం ఇంగ్లండ్ పరిశోధకులు (పరిణామ మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ వారిలో ఒకరు) వయోజన విద్య తరగతులను ఏడు నెలలపాటు గమనించారు. పాట నేర్చుకునేవారు చేతిపనులు, సృజనాత్మక రచన నేర్చుకునేవారికంటే మొదటి నెలలోనే త్వరగా దగ్గరయ్యారు. నేను బృందగానంలో చేరినప్పుడు నాకు స్వరస్థానం కూడా సరిగా తెలియదు. పక్కవారి ఊపిరితో మన ఊపిరి కలవనిదే పల్లవి ఎత్తుకోలేం కనుక బిడియం నిలవడానికి చోటే లేకపోయింది.

పాతవంతెన:
ఆ పరిశోధనలోనే ఏడు నెలలు గడిచేసరికి తక్కిన తరగతులవారు పాడేవారితో సమానమయ్యారని కూడా ఉంది. పైగా అక్కడ కొలిచినది గుంపుతో ఏర్పడే దగ్గరితనం. ఒక మనిషితో ఏర్పడే స్నేహం వేరు. మొదట పొడవుగా ఉండి క్రమంగా కురచనయ్యే ఉదయపు నీడనూ, కొంచెంగా మొదలై పెరిగే మధ్యాహ్నపు నీడనూ వరుసగా దుర్జనుల, సజ్జనుల స్నేహాలతో పోల్చి చెప్పిన పద్యం మనలో చాలామంది బడిలో అప్పజెప్పినదే. గాయకులను దుర్జనుల జాబితాలో చేర్చడం నా ఉద్దేశం కాదని మనవి!

మెట్లకింద:
మంచం పట్టిన అమ్మను చూసుకుంటున్నాను. వారానికి రెండు గంటల చొప్పున 200 గంటలంటే దాదాపు రెండేళ్లు. ఆ రెండు గంటల కోసం అమ్మ దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టాలంటే ముందే ఒక స్నేహితురాలు ఉండాలి. దీనికి ఈ చర్చలో ఎవరి వద్దనైనా సమాధానం ఉందా?

మట్టిచేతులు:
మెట్లకింద గారూ, నా దగ్గర సమాధానం లేదు. అభిరుచి అనేది సమయం మిగిలినవారి సౌకర్యమన్న సంగతిని నేను పక్కన పెట్టి మాట్లాడాను, ఒప్పుకుంటున్నాను.

మూడోగడి గారి ప్రశ్నకు మాత్రం ఒక మాట. మా స్నేహం తరగతి గంటలో కుదిరింది కాదు. కాల్చిన కుండలున్న బట్టీని వెంటనే తెరిస్తే పగుళ్లు వస్తాయి కనుక చల్లారేదాకా, దాదాపు ఒక రోజు, ఆగాలి. తెరిచే సమయానికి రావాలన్న నియమం లేకపోయినా అయిదారుగురం తప్పకుండా వచ్చేవాళ్లం. ఎవరి రంగు ఎలా తేలిందో, ఎవరి పిడి ఊడిందో చూసుకుంటూ, ఊడినదాన్ని ఏం చేయాలో వాదించుకుంటూ గంటలు గడిచేవి. మీరు ఓడిపోయిన ఆటను తిరిగి వేసి చూసేది కూడా పోటీ ముగిశాకనే కదా. కాబట్టి చేరేముందు ఇష్టం ఎంత అని కాక, ముగింపు తేదీ ఉందా, ప్రతిసారీ అదే మనుషులు వస్తారా, పాఠం అయ్యాక ఉండిపోవడానికి ఏదైనా పని మిగులుతుందా అని చూడమంటాను. మట్టి మీద ప్రేమ నాకు రెండో ఏడు కలిగింది. ఆలస్యంగా వచ్చినంత మాత్రాన అది సాకు అయిపోతుందా?

మూడోగడి:
ఆలస్యంగానైనా వచ్చింది కనుకనే మీరు నిలిచారని నేనంటాను. రానివారు రెండో ఏటి దాకా ఉండరు. ఈ విషయంలో మనకు పొత్తు కుదరదు.

పాతవంతెన:
నా అభిప్రాయం మారలేదు. అయితే 18 గంటల మాట విన్నాక నిన్న ఆ గ్రూపులో ఒక సందేశం పెట్టాను: "ఆదివారం ఉదయం ఆరింటికి చెరువు గట్టు మీద వెలుగు బాగుంటుంది, నేను వెళ్తున్నాను." పద్నాలుగు మందిలో తొమ్మిది మంది చూశారు. ఒకరు మాత్రం ట్రైపాడ్ తేవాలా అని అడిగారు.