హాట్ టబ్ మోటారు కింద నీళ్లు కారుతున్నాయి. టబ్ మొత్తం ఖాళీ చేయాలా?

ప్రశ్న (నోవై, మిషిగన్)

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో మేం కొన్న ఇంటితో పాటు వెనక డెక్ మీద హాట్ టబ్ (వేడినీళ్లలో కూర్చునే పెద్ద తొట్టి) కూడా వచ్చింది. ఆరుగురు పడతారు, 400 గ్యాలన్ల నీళ్లు. నేను పెద్దగా వాడలేదు. జులైలో ఖమ్మం పక్క మా ఊరి నుంచి అమ్మానాన్న వచ్చాకే దాని విలువ తెలిసింది. నాన్నకు మోకాళ్ల నొప్పులు. సాయంత్రం పదిహేను నిమిషాలు అందులో కూర్చుని లేస్తే, రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లెక్కుతున్నారు.

రెండు వారాలుగా నీళ్లు తగ్గుతున్నాయి. నిన్న టేపుతో కొలిచాను, 24 గంటల్లో రెండు అంగుళాలు! మూత ఎప్పుడూ వేసే ఉంటుంది, కాబట్టి ఆవిరి కాదు. పక్క ప్యానెల్ విప్పితే పంపు కింద అంతా తడి. మోటారుకూ దాని ముందున్న ప్లాస్టిక్ భాగానికీ మధ్య నుంచి చుక్క చుక్కగా కారుతోంది. నాన్న టార్చి వేసి చూసి, "గ్లాండు పోయిందిరా, మన బావి మోటారుకు కారినట్టే ఉంది" అన్నారు. ముప్పై ఏళ్లు మిర్చి తోటకు నీళ్లు పెట్టిన మనిషి మాట నేను కొట్టిపారేయలేను.

రిపేరుకు వచ్చి చూసినతను మాత్రం పంపు మొత్తం మార్చాలి, 900 డాలర్లు అవుతుంది అన్నాడు. వచ్చే వారం రాత్రిళ్లు 30 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే నీళ్లు గడ్డకట్టే చలికి పడిపోతుందట, అదే టెన్షన్. ఆ గ్లాండు, అంటే నీళ్లు కారకుండా ఆపే సీల్ ఒక్కటే నేను మార్చుకోగలనా? ఖాళీ చేయాల్సి వస్తే నీళ్లు ఎక్కడికి వదలాలి?

జవాబు (కాంటన్, మిషిగన్)

అన్నా, మొదటి మాట: ప్యానెల్ ముట్టుకునే ముందు బ్రేకర్ ఆపేయండి. అది 240 వోల్టుల లైను. టబ్ మీద బటన్ ఆపితే చాలదు. నాన్నగారిని కూడా తడి కాళ్లతో దగ్గరికి రానివ్వకండి.

నీళ్లు వీధి డ్రెయిన్‌లోకి వదలొద్దు. మన వైపు అవి శుద్ధి కాకుండానే వాగుల్లో, రూజ్ నదిలో కలుస్తాయి, క్లోరిన్‌కి చేపలు చచ్చిపోతాయి. రెండు మూడు రోజుల ముందే క్లోరిన్ వేయడం ఆపి, పగలు మూత తీసి ఉంచండి. క్లోరిన్ చూసే టెస్ట్ స్ట్రిప్ మీద సున్నా చూపించాక, చల్లారిన నీళ్లు గడ్డి మీదకు మెల్లగా వదలండి, పునాది వైపు పారకుండా చూసుకోండి. ముందు సిటీ ఆఫీసుకు ఒక ఫోన్ చేయండి. కింది డ్రెయిన్ వాల్వుకి హోస్ తగిలిస్తే గంటలు పడుతుంది. సబ్‌మెర్సిబుల్ పంపు వేస్తే అరగంట పని.

ఖాళీ టబ్‌ని చలి రాత్రి మాత్రం వదిలేయకండి. పైపుల్లో మిగిలిన నీళ్లు గడ్డకట్టి పగలగొడతాయి. మా ఇంట్లో అలాగే పోయింది, వసంతంలో మూడు చోట్ల కారింది.

జవాబు (ఆస్టిన్, టెక్సస్)

మీ నాన్నగారు సరిగ్గా పట్టుకున్నారు. ఇక్కడ దాన్ని షాఫ్ట్ సీల్ అంటారు, షాఫ్ట్ అంటే మోటారులో తిరిగే కడ్డీ. పంపుకి రెండు వైపులా నీళ్లు ఆపే గేట్ వాల్వులు ఉంటే రెండూ మూసి, పంపునీ పైపులనీ కలిపే యూనియన్లు విప్పి పంపు బయటికి తీయొచ్చు, టబ్ ఖాళీ చేయక్కర్లేదు. కరెంటు ఆపినా మోటారు కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత ఛార్జ్ మిగులుతుంది, మోటారు వెనక మూత జోలికి పోకండి.

సీల్‌లో రెండు ముక్కలు, ఒకటి సిరామిక్, ఒకటి స్ప్రింగుతో ఉన్న కార్బన్. ఆ నున్నటి ముఖాలను వేలితో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటినా మళ్లీ కారుతుంది. పాత సీల్ కొలతలు చూసే కొత్తది కొనండి. ఓ-రింగులకు (గుండ్రటి రబ్బరు రింగులు) వాజ్‌లైన్ రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది. సిలికాన్ గ్రీజు వాడండి. షాఫ్ట్‌కి లోతుగా తుప్పు పట్టి ఉంటే మాత్రం సీల్‌తో ఆగదు, అప్పుడు పంపు మార్చడమే మంచిది.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇద్దరికీ చాలా థాంక్స్. శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. ఒక గేట్ వాల్వు పూర్తిగా మూసుకోలేదు, యూనియన్ వదులు చేయగానే నీళ్లు తోసుకొచ్చాయి. వెంటనే మళ్లీ బిగించి, టబ్ ఖాళీ చేయక తప్పలేదు. మంగళవారం నుంచే క్లోరిన్ ఆపి ఉంచడం మేలైంది. షాఫ్ట్ బాగానే ఉంది. పాత కార్బన్ ముక్క అంచు విరిగి ఉంది. సీల్ 22 డాలర్లు.

అసలు భయం ఆ తర్వాత. మళ్లీ నింపి ఆన్ చేస్తే మోటారు తిరుగుతోంది, టబ్‌లోకి నీళ్లు చిమ్మే జెట్లలో నీళ్లు రావట్లేదు. ఏదో పాడుచేశాను అనుకున్నాను. నాన్న, "గాలి పట్టేసింది, వదిలించు" అన్నారు. బ్రేకర్ ఆపి, పంపు పై యూనియన్ కొంచెం వదులు చేస్తే బుస్సుమని గాలి పోయి నీళ్లు చిమ్మాయి. బిగించి ఆన్ చేశాం, జెట్లు వచ్చాయి. చన్నీళ్లు 102 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరేసరికి ఎనిమిది గంటల పైనే పట్టింది, నాన్న మాత్రం పడుకోకుండా కూర్చున్నారు.

ఈ రోజు టేపు పెట్టి చూశాను. నీళ్ల మట్టం గీత మీదే ఉంది. ఆ పాడైన గేట్ వాల్వు ఏప్రిల్‌లో మారుస్తాను.