చీమకుర్తి రాయిలోని బంగారు మెరుపు సమ్మేళనమా, మిశ్రమమా?

కెమిస్ట్రీ గానీ జియాలజీ గానీ బాగా తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. ఒంగోలు దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతుంటాను. వాళ్లలో చాలామంది ఇళ్లవాళ్లు చీమకుర్తి క్వారీల్లోనో, పాలిష్ ఫ్యాక్టరీల్లోనో పనిచేసేవాళ్లే. అందుకే మిశ్రమాల పాఠానికి అక్కడ దొరికే బ్లాక్ గెలాక్సీ అనే రాయి ముక్క ఒకటి తెచ్చి వాళ్ల చేతికిచ్చాను. నల్లటి రాయి, అటూ ఇటూ తిప్పితే ఆవగింజంత బంగారు రంగు మెరుపులు. విజాతీయ మిశ్రమానికి, అంటే భాగాలు విడివిడిగా కనిపించే మిశ్రమానికి, ఇంతకన్నా మంచి ఉదాహరణ మన జిల్లాలో దొరకదు. ఆ మెరుపు బంగారం కాదని, బ్రాంజైట్ అనే ఖనిజమని, అందులో మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ ఉంటాయని చెప్పాను.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఓ అమ్మాయి అడిగింది: "సార్, నీళ్లు ఎక్కడ తెచ్చినా హైడ్రోజన్, ఆక్సిజన్ బరువులు 1:8 అన్నారుగా. మరి దీంట్లో మెగ్నీషియం ఎంత, ఇనుము ఎంత?"

నిజానికి ఆ నిష్పత్తి స్థిరంగా ఉండదు. రెండూ రెండు ధనావేశాలున్న అయాన్లే, సైజులూ దగ్గరదగ్గరే, కాబట్టి స్ఫటికంలో ఒకదాని చోట ఇంకోటి కూర్చుంటుంది. ఒక సిలికాన్‌కు మూడు ఆక్సిజన్లు అన్న లెక్క మాత్రం మారదు.

మరి సమ్మేళనంలో మూలకాల బరువుల నిష్పత్తి ఎప్పుడూ ఒకటే అని చెప్పే స్థిరానుపాత నియమం ఇక్కడ ఏమైనట్టు? దీన్ని సమ్మేళనం అనాలా, ఘన ద్రావణం (ఘనరూపంలోనే ఒకదాంట్లో ఒకటి సమంగా కలిసిపోయినది) అనాలా? ఇత్తడిలో రాగి, జింకు కలిసినట్టు అని చెబితే తప్పవుతుందా? ఇంత మంచి ప్రశ్నను సిలబస్‌లో లేదని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అబద్ధం చెప్పకుండా, పరీక్షలో రాసే జవాబుకు అడ్డం రాకుండా, ఆ వయసు పిల్లలకు ఎలా చెప్పాలో వివరంగా రాయండి.