శాప్ ఎంఎం: ఈసీసీ సపోర్ట్‌లో 7 ఏళ్ళు, ఇంకో 15 ఏళ్ళు నిలబడాలంటే ఏం పట్టుకోవాలి?

ప్రశ్న (కొత్త_జీఆర్):
అందరికీ నమస్కారం. కంపెనీల లెక్కలు, సరుకులు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఈసీసీ 6.0 మీద ఎంఎం (కొనుగోళ్ళు, స్టాక్ చూసే మాడ్యూల్) సపోర్ట్ చేస్తున్నాను. పీఓ (కొనుగోలు ఆర్డర్) రిలీజ్ ఆగింది, జీఆర్ (సరుకు అందిన ఎంట్రీ) పోస్ట్ కావట్లేదు, ఇన్‌వాయిస్ బ్లాక్ అయింది: రోజూ ఇవే టికెట్లు. 2027 తర్వాత ఈసీసీ పనులు ఉండవని, ఏబాప్‌కి (శాప్ ప్రోగ్రామింగ్ భాష) మారమని కొందరు, శాప్ వదిలేసి సేల్స్‌ఫోర్స్ పట్టుకోమని కొందరు చెబుతున్నారు. అమీర్‌పేటలో శాప్ కొత్త వెర్షన్ ఎస్ ఫోర్ హానా కోర్సు ఒకటి చేస్తే సరిపోతుందా? అనుభవం ఉన్న అన్నలు, అక్కలు కాస్త చెప్పండి.

జవాబు 1 (మూడు_కాగితాలు):
ముందు తేదీలు సరిగ్గా చూసుకోండి. ఈసీసీ 6.0లో ఎన్‌హాన్స్‌మెంట్ ప్యాక్ 6 నుంచి 8 దాకా మెయిన్‌స్ట్రీమ్ మెయింటెనెన్స్ (శాప్ ఇచ్చే మామూలు సపోర్ట్) 2027 ఆఖరు వరకు ఉంది. అదనంగా డబ్బు కట్టే కంపెనీలకు 2030 ఆఖరు దాకా సాగుతుంది. ప్యాక్ 5, అంతకన్నా పాతవాటికి 2025తోనే అయిపోయింది. ఇప్పుడు పని ఎక్కువగా ఉండేది ఈసీసీ నుంచి హానాకి జరిగే ఈ మార్పిడి దగ్గరే. పాత సిస్టమ్ తెలిసినవాళ్ళు లేకుండా అది జరగదు.

మాడ్యూల్ మార్చకండి, లోతు పెంచండి. ఎంఎం వాళ్ళలో ఎక్కువమంది బలహీనం అకౌంటింగ్‌లోనే. ఒక పీఓ తీసుకోండి: 100 నగాలు, ఒక్కోటి 50 రూపాయలు. 101 మూవ్‌మెంట్‌తో (సరుకు రాకకి శాప్ కోడ్) జీఆర్ వేస్తే స్టాక్ ఖాతా, అంటే బీఎస్ఎక్స్, 5,000 డెబిట్. సరుకుకీ బిల్లుకీ మధ్య తేలాల్సిన మొత్తం ఉండే జీఆర్-ఐఆర్ ఖాతా, అంటే డబ్ల్యూఆర్ఎక్స్, 5,000 క్రెడిట్. తర్వాత వెండర్ బిల్లు 52 చొప్పున వచ్చింది, తేడా 200. మూవింగ్ యావరేజ్ ధర (కొనుగోళ్ళతో మారే సగటు ధర) ఉన్న సరుకై, వందా గోడౌన్‌లోనే ఉంటే 200 మొత్తం స్టాక్ విలువలో కలుస్తుంది. 60 వాడేసి 40 మిగిలితే 80 స్టాక్‌కి, 120 పీఆర్‌డీ (ధర తేడా) ఖాతాకి. అదే స్టాండర్డ్ (ముందే ఖాయం చేసిన) ధర 50 ఉన్న సరుకైతే 200 అంతా పీఆర్‌డీకే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించగలిగితే ఫైనాన్స్ మేనేజర్ మిమ్మల్నే పిలుస్తాడు. హానా వచ్చినా, రేపు ఇంకోటి వచ్చినా ఈ ఎంట్రీలు మారవు.

జీఆర్-ఐఆర్‌లో మిగిలినవి కొట్టేసే ఎంఆర్11 లావాదేవీ మాత్రం గుడ్డిగా నడపకండి. 100కి జీఆర్ ఉండి 90కే బిల్లు వస్తే, మిగతా 10ని నెలాఖరున కొట్టేస్తారు. వచ్చే నెల ఆ 10కి బిల్లు వస్తే జీఆర్-ఐఆర్ అటువైపు తిరిగి మళ్ళీ తేలదు. ముందు ఎంబీ5ఎస్ లిస్ట్ (జీఆర్‌కీ బిల్లుకీ తేడా ఉన్న పీఓలు) తీసి, ఏ బిల్లు రావాల్సి ఉందో కొనుగోళ్ళ విభాగాన్ని అడగాలి.

ఇంకోటి: మన దేశపు పన్నులు. 2017 జులై 1న జీఎస్టీ, 2020 అక్టోబర్‌లో ఈ-ఇన్‌వాయిస్, 2021 జులైలో కొనుగోళ్ళ మీద 194క్యూ టీడీఎస్. ప్రతిసారీ కాన్ఫిగరేషన్ మారింది. ట్యాక్స్ఐఎన్ఎన్ ప్రొసీజర్ (శాప్‌లో మన దేశపు పన్నుల లెక్క), విత్‌హోల్డింగ్ ట్యాక్స్ (టీడీఎస్) బాగా తెలిసిన ఎంఎం మనిషి తక్కువ. బయటి దేశాల టీములకు కూడా ఇక్కడి ప్లాంట్ల పని మనమే చేయాలి కదా.

జవాబు 2 (బీపీ_గ్రూపింగ్):
పై మాటలతో ఏకీభవిస్తూ, హానాలో ఎంఎం వాళ్ళకి మొదట తగిలే రాయి గురించి చెబుతాను: బిజినెస్ పార్ట్‌నర్ (బీపీ), అంటే వెండర్‌కీ కస్టమర్‌కీ ఉమ్మడి రికార్డు. వెండర్, కస్టమర్ తెరిచే ఎక్స్‌కే01, ఎక్స్‌డీ01 పోయి అన్నీ బీపీ లావాదేవీలోకి వచ్చాయి. మార్పిడికి ముందు ఈసీసీలోనే వెండర్లనీ కస్టమర్లనీ బీపీలుగా మార్చాలి, దాన్నే సీవీఐ అంటారు.

ఇక్కడ ఆగిపోయేది ఎక్కువగా నంబర్ల దగ్గరే. వెండర్ నంబరే బీపీ నంబరుగా రావాలంటే మార్పిడి వేళ బీపీ గ్రూపింగ్‌కి ఎక్స్‌టర్నల్ రేంజ్ (నంబరు బయటి నుంచి ఇచ్చేది) ఇవ్వాలి. పని అయ్యాక తిప్పేయాలి: బీపీకి ఇంటర్నల్ (నంబరు సిస్టమే ఇచ్చేది), వెండర్ ఖాతా గ్రూపుకి ఎక్స్‌టర్నల్. తిప్పడం మరిచిపోతే కొత్త వెండర్ తెరిచిన మొదటి రోజే ఎర్రర్. వెండర్ 100245, కస్టమర్ 100245 వేర్వేరు పార్టీలైతే ఆ నంబరు ఇద్దరికీ కుదరదు. ఒకరికి వేరే రేంజ్ ముందే ఖాయం చేసుకోవాలి.

రెండోది చెత్త డేటా. పిన్ కోడ్‌లో 5 అంకెలు, ఈమెయిల్ గడిలో ఫోన్ నంబరు, ఒకే పార్టీ మూడు వెండర్లుగా ఉండటం. పాత సిస్టమ్ ఊరుకుంది, బీపీ ఊరుకోదు. ఇది ఆర్నెల్ల ముందు మొదలుపెట్టాల్సిన పని. ఈసీసీ సపోర్ట్‌లో ఉన్న మీకే ఆ డేటా బాగా తెలుసు. ఈ శుభ్రం చేసే పని మీరే అడిగి తీసుకోండి. ప్రాజెక్టులోకి అదే దారి.

జవాబు 3 (ఎర్రర్_లైన్):
ఏబాప్‌కి పూర్తిగా మారక్కర్లేదు, కానీ చదవడం రావాలి తమ్ముడూ. డీబగర్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టి, కోడ్‌ని మధ్యలో ఆపి విలువ చూసేంత చాలు.

ఎందుకంటే మార్పిడి తర్వాత జెడ్ రిపోర్టులు (కంపెనీ సొంతంగా రాయించుకున్నవి) డంప్ ఇవ్వకుండానే, అంటే ఎర్రర్‌తో ఆగకుండానే తప్పు లెక్క చూపిస్తాయి. సరుకు కదలికల టేబుల్ ఎంఎస్ఈజీ నుంచి సెలెక్ట్ చేసి, సార్ట్ చేయకుండా బైనరీ సెర్చ్ (వరసలో ఉన్న డేటాలోనే సరిగ్గా వెతికేది) పెట్టిన కోడ్ చాలాచోట్ల ఉంటుంది. పాత డేటాబేస్‌లో చాలాసార్లు కీ వరసలో వచ్చేది కాబట్టి నడిచిపోయింది. ఆర్డర్ బై రాయకపోతే హానాలో వరసకి హామీ లేదు. ఉన్న రికార్డే దొరకదు, రిపోర్ట్‌లో సున్నా పడుతుంది. యూజర్ దాన్ని 'స్టాక్ తప్పు' అని మీ మాడ్యూల్ టికెట్‌గా వేస్తాడు. నిజానికి ఎంకేపీఎఫ్, ఎంఎస్ఈజీ పేర్లు అలాగే ఉన్నా డేటా ఇప్పుడు మ్యాట్‌డాక్ టేబుల్‌లో ఉంటుంది. మెటీరియల్ నంబరు ఫీల్డ్ కూడా 18 నుంచి 40 అక్షరాలైంది. నిర్ణీత స్థానాలతో రాసిన ఇంటర్‌ఫేస్ ఫైళ్ళలో వెనకున్న గడులన్నీ జరిగిపోతాయి. బార్‌కోడ్, వేబ్రిడ్జ్ ఇంటర్‌ఫేస్‌లు ముందు చూడండి.

దొంగ అనుభవం మాత్రం రెజ్యూమేలో పెట్టకండి. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఎప్పుడున్నారో కనిపిస్తుంది. 'రెండు హానా ప్రాజెక్టులు' అని రాసినవాళ్ళని సీవీఐలో ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ప్రశ్న (కొత్త_జీఆర్):
చాలా థ్యాంక్స్ అండీ. మా కంపెనీలో హానా సిస్టమ్ లేదు. చేత్తో చేసి చూడటానికి ఏదైనా దారి?

జవాబు 2 (బీపీ_గ్రూపింగ్):
పాఠాలకి శాప్ వాళ్ళ లెర్నింగ్ సైట్‌లో ఉచిత కోర్సులున్నాయి. సిస్టమ్ కావాలంటే శాప్ క్లౌడ్ అప్లయన్స్ లైబ్రరీలో ఎస్ ఫోర్ హానా 30 రోజుల ట్రయల్ దొరుకుతుంది. శాప్ లైసెన్స్‌కి డబ్బు లేదు గానీ, అమెజాన్ లాంటి క్లౌడ్ కిరాయి మీదే. నలుగురు కలిసి తీసుకోండి, రాత్రి తప్పకుండా సస్పెండ్ చేయండి. సస్పెండ్‌లో ఉన్నా డిస్క్ కిరాయి పడుతూనే ఉంటుంది కాబట్టి పని అయిపోయాక పూర్తిగా తీసేయండి. మొదటి రోజే ఆ 100 నగాల పీఓ వేసి, బిల్లు 52కి పోస్ట్ చేసి, అకౌంటింగ్ డాక్యుమెంట్ తెరిచి చూడండి.